మహాసభలు పొరబడగలవా? శ్రీసభ అసలు చెప్పేదేమిటి?

ప్రతి ఆదివారం కతోలిక గుడుల్లో దివ్యబలిపూజ మధ్యలో అందరూ నిలబడి విశ్వాసప్రమాణం చెబుతారు. క్రీస్తు పితతో ఏకస్వభావం కలవాడని అందులో వచ్చే మాటను ఖాయం చేసింది 325లో బిషప్పులందరినీ పిలిచి జరిపిన నైసియా మహాసభ. ఆ ప్రమాణం ముగిసిన కాసేపటికి, రోమన్ ఆచారం పాటించే చాలా గుడుల్లో జనం మోకరిస్తారు. అదే నైసియా మహాసభ తన 20వ నియమంలో ఆదివారాల్లో మోకరించకూడదని, నిలబడే ప్రార్థించాలని రాసింది. 15వ నియమంలో బిషప్పులు ఒక ఊరి పీఠం వదిలి మరో ఊరి పీఠానికి మారకూడదంది. ఇప్పుడు బిషప్పుల బదిలీలు మామూలు విషయం.

సభ ఒకటే, బిషప్పులూ వాళ్లే. వాళ్లు చెప్పిన ఒక మాట కోసం జనం దేశబహిష్కారాలు భరించారు. ఇంకో మాట ఎప్పుడు వాడుక తప్పిందో కూడా చాలామందికి తెలియదు. అయినా నైసియా తప్పు చేసిందని ఏ కతోలికుడూ అనడు, మోకరించినప్పుడు నైసియాను ధిక్కరిస్తున్నానని అనుకోడు. మహాసభలు పొరబడగలవా, వాటి మాటకు విశ్వాసి ఎంతవరకు కట్టుబడాలి అనే చర్చంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఫలానా మాటలో పొరపాటుకు తావుందా అన్నది ఒకటి. ఆ మాటను విశ్వాసి పాటించాలా అన్నది రెండోది. వాదించుకునే ఇరుపక్షాలూ ఈ రెండింటినీ కలిపేస్తుంటాయి. మహాసభ పలికింది కాబట్టి ప్రతి వాక్యమూ దేవుడి మాటేనని ఒకరంటారు. ఫలానా సభ ఫలానా చోట తప్పు రాసింది కాబట్టి మొత్తం వ్యవస్థే కూలిందని ఇంకొకరంటారు. కతోలిక శ్రీసభ తన గురించి తాను చెప్పుకునేది ఈ ఇద్దరూ అనుకునే దానికంటే చాలా చిన్నది. పాటించాల్సిన మాటల జాబితా పెద్దది, పొరపాటుకు తావులేని మాటల జాబితా అందులో ఒక చిన్న భాగం.

ఆ చిన్న భాగానికి ఆధారం ఏమిటి? పాతాళ ద్వారాలు తన సంఘాన్ని జయించలేవని మత్తయి సువార్త 16వ అధ్యాయంలో క్రీస్తు అంటాడు. సత్యాత్మ మిమ్మల్ని సంపూర్ణ సత్యంలోకి నడిపిస్తాడని యోహాను సువార్త 16వ అధ్యాయంలో అంటాడు. కతోలిక దైవశాస్త్రం దీని మీద ఒక తర్కం కడుతుంది. ప్రపంచంలోని బిషప్పులందరూ పోపుతో కలిసి, ఇది దేవుడు బయలుపరచిన సత్యం, ఇక దీని మీద మార్పు లేదు, నిరాకరించేవాడు విశ్వాసం నుంచి వేరైనట్టే అని తేల్చి చెప్పారనుకుందాం. ఆ మాటే అబద్ధమైతే శ్రీసభ మొత్తం అబద్ధానికి కట్టుబడి, బయటికి వచ్చే దారి కూడా మూసుకున్నట్టవుతుంది. అప్పుడు క్రీస్తు మాటకు అర్థం ఉండదు. అందుకే వెనక్కి తీసుకోలేని విధంగా చెప్పిన చోట మాత్రమే పొరబడదనే హామీ ఉంటుంది. బిషప్పులు తెలివైనవాళ్లు కాబట్టో, పవిత్రులు కాబట్టో ఈ హామీ రాలేదు. మహాసభ చరిత్ర చదివినవాళ్లెవరూ అలా అనుకోలేరు.

ఎందుకనుకోలేరో 449లో ఎఫెసులో జరిగిన సభను చూస్తే తెలుస్తుంది. బయట నుంచి చూస్తే దానికి లోటేమీ లేదు. చక్రవర్తి రెండవ థియోడోసియస్ పిలిచాడు. 18 ఏళ్ల క్రితం అసలైన మహాసభ జరిగిన ఊరు అదే. అధ్యక్షుడు అలెగ్జాండ్రియా పీఠాధిపతి డియోస్కోరస్. పోపు మొదటి లియో తన ప్రతినిధులతో పాటు క్రీస్తుకున్న దైవ, మానవ స్వభావాలు రెండింటి గురించి పెద్ద లేఖ పంపాడు. ఆ లేఖను సభలో చదవనివ్వలేదు. కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు ఫ్లేవియన్‌ను పదవి నుంచి దించే తీర్పు చదివేసరికి గొడవ మొదలైంది. సైనికులు, సన్యాసులు లోపలికి దూసుకొచ్చారు. ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయించుకున్నారని బిషప్పులే రెండేళ్ల తర్వాత చెప్పుకున్నారు. పోపు ప్రతినిధుల్లో ఒకడైన డీకను హిలరీ లాటిన్‌లో ఒక్క మాట అరిచాడు, "వ్యతిరేకిస్తున్నాం" అని. తర్వాత ఎలాగో తప్పించుకుని రోమ్ చేరాడు. ఫ్లేవియన్ కొద్దికాలానికే చనిపోయాడు.

ఈ హిలరీయే 461లో పోపు అయ్యాడు. రోమ్‌లో లాటరన్ జ్ఞానస్నాన మందిరం పక్కన సువార్తికుడైన యోహాను పేరిట చిన్న గుడి కట్టించి, తనను విడిపించినవాడికి అని ద్వారం మీద చెక్కించాడు. ఆ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక సభలో ఎంత భయం అనుభవించి ఉంటే ఆ మాట రాయించి ఉంటాడు!

ఆ సభను లియో "దొంగల గుంపు" అన్నాడు. ఆ పేరే చరిత్రలో నిలిచింది. 450లో థియోడోసియస్ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. కొత్త చక్రవర్తి మార్సియన్ 451లో కాల్సెడాన్‌లో మహాసభ పిలిచాడు, ఎఫెసు తీర్పులన్నీ అక్కడ తిరగబడ్డాయి. ఇంతకు ముందు 359లో రిమినిలో 400 మందికి పైగా బిషప్పులు కూడితే, చక్రవర్తి రెండవ కాన్‌స్టాంటియస్ ఒత్తిడికి లొంగి నైసియా మాటను పక్కన పెట్టే ప్రకటనకు ఒప్పుకున్నారు. సంతకం పెట్టేదాకా ఊరు దాటనివ్వలేదు. ప్రపంచమంతా మూలిగిందని, తాను క్రీస్తు పితతో ఏకస్వభావం కలవాడు కాదన్న ఆరియస్ పక్షమైపోయానని చూసి ఆశ్చర్యపోయిందని జెరోమ్ రాశాడు. 754లో హియేరియాలో 338 మంది బిషప్పులు కూడి పవిత్ర చిత్రాలను నిషేధించి, తమది ఏడవ మహాసభ అని ప్రకటించుకున్నారు. 787లో రెండవ నైసియా మహాసభ దాన్ని కొట్టేసింది. రోమ్ పోపు సహకారం గానీ, తూర్పు పీఠాధిపతుల సమ్మతి గానీ లేని సభ సార్వత్రికం ఎలా అవుతుందని అడిగింది.

కాబట్టి బిషప్పుల సభలు పొరబడగలవా అంటే, పొరబడ్డాయి. వందల మంది కూడిన సభలే పొరబడ్డాయి. ఇందులో దాచాల్సిందేమీ లేదు. శ్రీసభ హామీ ఇచ్చేది సార్వత్రిక మహాసభలకు, అంటే శ్రీసభ మొత్తం తరఫున జరిగినవిగా గుర్తింపు పొందినవాటికి మాత్రమే. ఆ లెక్కలో 325 నాటి నైసియా నుంచి 1965లో ముగిసిన రెండవ వాటికన్ దాకా 21 ఉన్నాయి. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం మహాసభను పిలిచేది పోపు ఒక్కడే (338వ నిబంధన). పోపు సభ పితరులతో కలిసి ఆమోదించి, ధ్రువపరచి, ప్రకటించే వరకు దాని నిర్ణయాలు ఎవరినీ కట్టుబెట్టవు (341వ నిబంధన).

విమర్శకులు ఇక్కడ పట్టుకునే చోటు బలమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తప్పుగా తేలిన సభల్ని సార్వత్రికం కాదని తీసేసి, మిగిలినవాటిని చూపించి మా మహాసభలు ఎప్పుడూ పొరబడలేదు అనడం గుండ్రంగా తిరిగే వాదన కాదా? కొంతవరకు అవును. మొదటి వెయ్యేళ్లలో 1983 చట్టం లాంటి స్పష్టమైన నిబంధన లేదు. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభకు పశ్చిమం నుంచి ఒక్క బిషప్పూ రాలేదు, పోపు ప్రతినిధులూ లేరు. తర్వాతి తరాలు దాని విశ్వాసప్రమాణాన్ని స్వీకరించాకే అది సార్వత్రికమైంది. 449లో ఎఫెసు వీధుల్లో ఉన్న మామూలు విశ్వాసికి ఏ సభ నిజమో చూపించే సీలు ఏదీ లేదు. కానీ ఒక తేడా గమనించాలి. రిమిని గానీ, ఎఫెసు గానీ తప్పని తేలడానికి శతాబ్దాలు పట్టలేదు. రోమ్ నిరాకరణ అప్పటికప్పుడే వచ్చింది. హిలరీ అరుపు సభలోనే వినిపించింది. ఫలితం చూసి తర్వాత రాసుకున్న నిబంధన అయితే అలా జరిగేది కాదు.

1415లో కాన్‌స్టన్స్‌లో ఈ చిక్కు పరాకాష్ఠకు చేరింది. అప్పటికి ముగ్గురు పోపులు, ముగ్గురూ తామే అసలు అనేవాళ్లే. ఏప్రిల్ 6న ఆ సభ ఒక శాసనం చేసింది. తన అధికారం నేరుగా క్రీస్తు నుంచి వచ్చిందని, పోపుతో సహా అందరూ విశ్వాస విషయాల్లో, చీలికను తొలగించే విషయంలో తనకు లోబడాలని అంది. శ్రీసభలో అత్యున్నత అధికారం పోపుదేనని, పదవి హోదాలో విశ్వాససత్యాన్ని నిర్వచించినప్పుడు ఆయన పొరబడడని 1870లో మొదటి వాటికన్ మహాసభ చెప్పింది దీనికి పూర్తి వ్యతిరేకంగా కనిపిస్తుంది. కతోలిక వేదాంతులు ఇచ్చే జవాబులో ఒకటి తేదీల మీద ఆధారపడింది. ఆ ముగ్గురిలో రోమ్ వరుసకు చెందిన పన్నెండవ గ్రెగరీ జులై 4న తన ప్రతినిధి ద్వారా ఆ సభను లాంఛనంగా మళ్లీ పిలిచి, ఆ తర్వాత రాజీనామా చేశాడు. కాబట్టి ఏప్రిల్ శాసనం అసలు మహాసభది కాదంటారు. ఇంకో జవాబు, అది ఆ సంక్షోభానికి అత్యవసరంగా చేసిన ఏర్పాటే తప్ప విశ్వాససత్యంగా నిర్వచించింది కాదని. రెండో జవాబే గట్టిది. మొదటిది లాయరు వాదనలా ఉంటుంది. 1417 నవంబర్ 11న ఎన్నికైన ఐదవ మార్టిన్ పోపుగిరీ ఆ సభ మీదే ఆధారపడిందన్న నిజాన్ని అది తొలగించలేదు.

ఇక అసలు సార్వత్రిక మహాసభే అయినా, అందులోని ప్రతి వాక్యానికీ ఒకే బరువు ఉండదు. దీన్ని చూపడానికి ఫ్లోరెన్స్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1439 నవంబర్ 22న ఆ మహాసభలో అర్మేనియన్ల కోసం ఒక శాసనం వెలువడింది. అందులో ఏడు దివ్యసంస్కారాల వివరణ ఉంది. గురువులను, డీకన్లనే వారి సహాయకులను నియమించే గురుపట్టం దగ్గరికి వచ్చేసరికి, ఆ సంస్కారానికి ముఖ్యమైన బాహ్య క్రియ పాత్రల్ని చేతికివ్వడం అని రాశారు. గురువు అయ్యేవాడికి ద్రాక్షరసం ఉన్న పాత్రను, రొట్టె ఉన్న పళ్లాన్ని అందించాలి, డీకనుకు సువార్త గ్రంథం అందించాలి. అంతే. తల మీద చేతులుంచడం గురించి అక్కడ ఏమీ లేదు.

ఐదు వందల ఏళ్ల తర్వాత, 1947 నవంబర్ 30న పన్నెండవ పయస్ పోపు వేరే మాట ప్రకటించాడు. గురుపట్టానికి అవసరమైన బాహ్య క్రియ చేతులుంచడమే, ఇకమీదటైనా పాత్రలు అందించడం అవసరం లేదు అని. మరి ఫ్లోరెన్స్ పొరబడినట్టేనా? ఆదిసంఘంలో గురువులకు పట్టమిచ్చింది చేతులుంచే. అపొస్తలుల కార్యాల్లో ఉన్నది అదే. తూర్పు క్రైస్తవులు పాత్రలు అందించే ఆచారమే లేకుండా పట్టాలిస్తుంటే, రోమ్ ఆ పట్టాలను ఎప్పుడూ చెల్లనివిగా చూడలేదు. పయస్ కూడా ఈ విషయమే ఎత్తి చూపాడు. ఫ్లోరెన్స్‌లో గ్రీకులతో ఐక్యత కుదుర్చుకున్నప్పుడు మీ పట్టాభిషేక పద్ధతి మార్చుకోండని ఎవరూ అడగలేదు అని. ఒకవేళ ఏదో ఒక కాలంలో శ్రీసభ ఆజ్ఞ వల్ల పాత్రలు అందించడం అవసరమై ఉంటే, శ్రీసభ తాను పెట్టినదాన్ని తాను మార్చగలదని కూడా అన్నాడు.

దీన్ని తప్పించుకునే మాటగా చూసేవాళ్లున్నారు. కానీ ఆ శాసనం రాసిన తీరు చూస్తే, అది లాటిన్ సంఘంలో అప్పుడు నడుస్తున్న బోధను అర్మేనియన్లకు పాఠంలా అప్పగించిన పత్రం. ఆ భాగంలో చాలా మటుకు థామస్ అక్వినాస్ రాసిన చిన్న పుస్తకం నుంచి తీసుకున్నదే. ఈ మాట ఒప్పుకోనివాడు విశ్వాసభ్రష్టుడు అని పాత్రల గురించి అక్కడ ఎవరూ అనలేదు. నిజాయితీగా చెప్పాలంటే, ఒక సార్వత్రిక మహాసభ పత్రంలో ఒక దివ్యసంస్కారం గురించి అసంపూర్ణమైన, పొరపాటు దారి పట్టించే వివరణ ఉంది. దాన్ని ఒప్పుకోవడం వల్ల కతోలిక సిద్ధాంతం కూలదు. ఒప్పుకోకుండా మాటల గారడీ చేస్తేనే దాని పరువు పోతుంది.

నిర్వచనం అంటే ఎంత జాగ్రత్తగా రాస్తారో ట్రెంట్ మహాసభ చూపిస్తుంది. 1563లో వివాహం మీద చర్చ. వ్యభిచారం జరిగినా వివాహబంధం తెగదన్నది లాటిన్ బోధ. తూర్పు సంఘాల్లో అలాంటి సందర్భంలో పునర్వివాహానికి అనుమతి ఉంది. ముసాయిదా ఉన్నదున్నట్టు పోతే ఆ ఆచారం మొత్తం శాపగ్రస్తమవుతుంది. వెనిస్ రాజ్యం కింద ఉన్న దీవుల్లో రోమ్‌తో సంబంధంలో ఉన్న గ్రీకులుండేవారు, అందుకని వెనిస్ రాయబారులు అభ్యంతరం చెప్పారు. సభ వాక్యాన్ని తిరగరాసింది. బంధం తెగుతుందనేవాడికి శాపం అని రాయలేదు. బంధం తెగదని బోధించినప్పుడు శ్రీసభ పొరబడుతోందనేవాడికి శాపం అని రాసింది. ఒక్క వాక్యం కొద్దిగా జరిగింది, దాంతో గ్రీకులు గురి నుంచి తప్పుకున్నారు. ఇలాంటి వాక్యాన్ని పైపైన చదివి ట్రెంట్ ఫలానాది నిర్వచించింది అని తేల్చేయడం కుదరదు. స్పష్టంగా తేలితే తప్ప ఏ బోధనూ పొరపాటుకు తావులేకుండా నిర్వచించినదిగా భావించకూడదని నేటి చట్టం 749వ నిబంధనలో అంటుంది. అంటే అనుమానం ఉంటే లేదనే లెక్క.

పోపు నిర్వచనాలు పొరబడవన్న మొదటి వాటికన్ మాటలో అలాంటి అనుమానమే లేదు. 1870 జులై 13న జరిగిన తొలి ఓటింగులో 451 మంది సరే అన్నారు, 88 మంది కాదన్నారు, 62 మంది మార్పులతో అయితే సరే అన్నారు. కాదన్నవాళ్లలో చాలామంది చివరి ఓటు ముందే రోమ్ వదిలి వెళ్లిపోయారు. జులై 18న 533 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ ఇద్దరూ అక్కడికక్కడే లోబడ్డారు. ఇది దేవుడు బయలుపరచిన విశ్వాససత్యమని నిర్వచిస్తున్నాం అని అక్కడ సూటిగా రాసి ఉంది. ఒప్పుకోలేని జర్మన్ చరిత్రకారుడు డోలింగర్‌ను మరుసటి ఏడాది వెలివేశారు.

క్రమశిక్షణ నియమాల సంగతి వేరు. అవి ఉన్నంతకాలం పాటించాలి, కారణం పోతే మారతాయి. దీనికి మొదటి ఉదాహరణ బైబిల్లోనే ఉంది. యెరూషలేములో అపొస్తలులు కూడి, పవిత్రాత్మకూ మాకూ తోచినదేమంటే అని మొదలుపెట్టి, రక్తమూ, గొంతు పిసికి చంపినదాని మాంసమూ తినకూడదన్నారు. యూదులు, అన్యజనులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఆ నియమం అప్పుడు అవసరమైందని, ఆ కారణం తీరిపోయింది కాబట్టి నియమమూ తీరిపోయిందని 1442లో ఫ్లోరెన్స్ శాసనం వివరించింది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఇది క్రమశిక్షణే, సిద్ధాంతం కాదు అన్న జవాబు నిజమే అయినా అన్ని చోట్లా సరిపోదు. 1215లో నాలుగవ లాటరన్ మహాసభ 68వ నియమంలో యూదులు, ముస్లింలు వేరుగా గుర్తుపట్టేలా దుస్తులు వేసుకోవాలంది. తర్వాతి శతాబ్దాల్లో యూదుల బట్టల మీద గుర్తులు కుట్టించడానికి అదే ఆధారమైంది. చెక్ సంస్కర్త యాన్ హుస్‌కు సురక్షితంగా వచ్చిపోవచ్చని జర్మన్ రాజు సిగిస్మండ్ హామీ ఇచ్చాడు. అయినా కాన్‌స్టన్స్ సభ అతన్ని విశ్వాసభ్రష్టుడిగా తేల్చి అప్పగించింది, 1415 జులై 6న సజీవంగా కాల్చేశారు. ఆ క్రూర మరణానికి తీవ్రంగా చింతిస్తున్నానని రెండవ జాన్ పాల్ పోపు 1999లో అన్నాడు. పొరబడదనే హామీ నిర్వచనాలకే పరిమితం. మహాసభ దయగా ఉంటుందని గానీ, సమయానికి మేలుకుంటుందని గానీ అందులో లేదు. ఐదవ లాటరన్ మహాసభ 1517 మార్చిలో సంస్కరణల మాటలు చెప్పి ముగిసింది, అక్టోబర్‌లో లూథర్ తన 95 వాదాలు బయటపెట్టాడు.

ఆ లూథర్ 1519లో లైప్సిగ్‌లో ఎక్ అనే వేదాంతితో వాదిస్తూ, హుస్‌ను ఖండించిన సభ పొరబడి ఉండొచ్చు అనేదాకా వెళ్లాడు. 1521లో వర్మ్స్‌లో పోపులూ మహాసభలూ తరచూ పొరబడ్డాయి, ఒకదానికొకటి విరుద్ధంగా మాట్లాడాయి అన్నాడు. ఆంగ్లికన్ సంఘం 39 సూత్రాల్లో 21వది కూడా మహాసభలు పొరబడగలవు, కొన్నిసార్లు పొరబడ్డాయి అంటుంది. ప్రొటెస్టంట్లు నైసియాను ఒప్పుకుంటారు, అయితే లేఖనంతో సరిపోయింది కాబట్టి ఒప్పుకుంటారు. అప్పుడు సరిపోయిందో లేదో తేల్చేదెవరన్న ప్రశ్న వస్తుంది. ఆరియస్ కూడా లేఖనాలే చూపించాడు. ముందటి మహాసభలను తర్వాతివి సరిదిద్దుతుంటాయని అగస్టీన్ రాసిన మాటను ప్రొటెస్టంట్లు చూపిస్తారు. ఆ మాట నిజంగానే ఉంది. అది నిర్వచనాల గురించి కాదని కతోలికులు అంటారు. అగస్టీన్ కాలానికి ఈ విభజన ఇంత కచ్చితంగా ఏర్పడలేదు కాబట్టి, అతన్ని పూర్తిగా ఏ ఒక్క పక్షానికీ కట్టేయలేం.

ఇప్పుడు ఈ చర్చ ఎక్కువగా రెండవ వాటికన్ చుట్టూ జరుగుతోంది. ఆ సభ 16 పత్రాలు ఇచ్చింది, కొత్తగా ఒక్క విశ్వాససత్యాన్నీ నిర్వచించలేదు. నిర్వచిస్తున్నామని తామే బాహాటంగా చెప్పినవాటినే అలా తీసుకోవాలని 1964 మార్చి 6న సభ వేదాంత కమిషన్ స్పష్టం చేసింది. పొరపాటుకు తావులేని నిర్వచనాలను సభ కావాలనే చేయలేదని, అయినా దాని బోధకు శ్రీసభ అత్యున్నత సాధారణ అధికారం ఉందని ఆరవ పాల్ పోపు 1966 జనవరి 12న అన్నాడు. ఈ రెండో సగాన్ని కొందరు వినిపించుకోరు. నిర్వచనం లేదు కాబట్టి కట్టుబాటూ లేదంటారు. ఇది తప్పు లెక్క. నిర్వచించని బోధకు కూడా మనసునూ చిత్తాన్నీ భక్తితో లోబరచాలని శ్రీసభ గురించి ఆ సభ ఇచ్చిన పత్రమే 25వ భాగంలో చెబుతుంది. డాక్టర్ సర్వజ్ఞుడు కాదని తెలిసి కూడా రోగి మందు వేసుకుంటాడు. ఇది దానికంటే లోతైన నమ్మకం, ఎందుకంటే ఇక్కడ బోధించే పదవి క్రీస్తు ఇచ్చిందని విశ్వాసి నమ్ముతాడు. అయినా నైసియా మాటకు ఇచ్చే సమ్మతీ ఇదీ ఒకటి కావు.

మత స్వేచ్ఛ పత్రం 1965 డిసెంబర్ 7న 2,308 అనుకూల ఓట్లు, 70 వ్యతిరేక ఓట్లతో నెగ్గింది. పాత పోపుల బోధకు అది విరుద్ధమని ఆర్చ్‌బిషప్పు లెఫెబ్ర్ పక్షం ఇప్పటికీ అంటుంది. పోపు అనుమతి లేకుండా 1988లో ఆయన నలుగురు బిషప్పులకు పట్టమిచ్చాడు, వెలివేతకు గురయ్యాడు. ఇలాంటి చోట ఇబ్బంది పడే విశ్వాసికి దారేమిటి? 1990లో విశ్వాస సిద్ధాంత శాఖ వేదాంతుల కోసం ఇచ్చిన సూచనా పత్రం దీన్ని నేరుగా తాకుతుంది. మార్చలేనిది కాని బోధ విషయంలో నిజాయితీగా ఇబ్బంది ఎదురైతే, దాన్ని అధికారులకు తెలియజేయవచ్చు, ఇంకా చదవాలి, పత్రికల ద్వారా ఒత్తిడి తేకూడదు అంటుంది. సందర్భాన్ని బట్టి జోక్యం చేసుకునే అధికార బోధ పత్రాల్లో కొన్ని లోపాలు లేకుండా ఉండకపోవచ్చని కూడా ఒప్పుకుంటుంది. ఆ పత్రం మీద సంతకం చేసిన కార్డినల్ రాట్జింగర్, రెండవ వాటికన్ సభలో ముప్పై ఐదేళ్ల యువ వేదాంతిగా ఒక కార్డినల్‌కు సలహాదారుగా కూర్చున్నవాడే.